పరిహారంలో వాటాలెవరివి?

రోడ్డు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయిన గుమాస్తాకూ, ఎడమ చెయ్యి పోయిన లారీ డ్రైవరుకూ మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌లో వైకల్యం ఒకే శాతం ఉంటుంది. గుమాస్తా మళ్లీ కుర్చీలో కూర్చోగలడు, డ్రైవరు స్టీరింగ్ పట్టలేడు. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ తేడానే ఎత్తిచూపింది. వైకల్యం 60 శాతమే అయినా డ్రైవరుకో, వడ్రంగికో సంపాదన నష్టం దాదాపు నూరు శాతమంది.

నెలకు 15,000 సంపాదించే 28 ఏళ్ల డ్రైవరు సంగతే చూద్దాం. ఏడాది సంపాదనను హెచ్చవేసే గుణకం ఆ వయసుకు 17. నష్టం నూరు శాతమనుకుంటే, భవిష్యత్తులో పెరిగే ఆదాయం కలపకుండానే మొత్తం 30.60 లక్షలు. సర్టిఫికెట్‌లోని 60 శాతాన్నే పట్టుకుంటే 18.36 లక్షలు. మధ్యనున్న 12.24 లక్షలు రాబట్టడమే వకీలు పని. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరును బోనెక్కించి ‘ఈ మనిషి ఇక బండి నడపలేడు’ అనిపించాలి. లైసెన్సు, ఓనరు సాక్ష్యం, డిశ్చార్జి కాగితాలు, మందుల బిల్లులు ముందే పోగేయాలి.

జనగామ మీదుగా పోయే హైదరాబాద్–వరంగల్ హైవే, మహబూబాబాద్‌లో మిరప కూలీలను కుక్కుకుపోయే ఆటోలు, ట్రాలీలు, భూపాలపల్లిలో బొగ్గు, ఇసుక లారీలు. ఈ దారుల్లో దెబ్బతినేవాళ్లలో జీతం స్లిప్పు ఉండేదెందరికి? ట్రాలీ ఎక్కిన కూలీది మరీ కష్టం. ‘వ్యవసాయానికి ఇచ్చిన పాలసీ, మనుషుల్ని ఎక్కించడానికి కాదు’ అని బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

ఒక వెసులుబాటుంది. ప్రమాదం ఎక్కడ జరిగినా బాధితుడు తానుండే చోటే కేసు వేసుకోవచ్చు. 2022 జూన్ 2న ఈ జిల్లాల్లో కొత్త జిల్లా కోర్టులు రావడంతో వరంగల్ తిరుగుడు చాలామందికి తప్పింది.

ఇక ఫీజు. ‘ఇప్పుడేం ఇవ్వొద్దు, వచ్చినదాంట్లో ఇంత’ అనే బేరం చేతిలో పైసా లేని కుటుంబానికి వరంలాగే వినిపిస్తుంది. ఏళ్ల తరబడి సొంత ఖర్చుతో కేసు నడిపే వకీళ్లూ లేకపోలేదు. అయినా పరిహారంలో వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న తెలంగాణ మహిళ దగ్గర ఫీజు కింద వకీలు తీసుకున్న చెక్కు బౌన్సయి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. శాతాల లెక్కన ఫీజు అడగడం చెల్లదని 2017 డిసెంబరులో కోర్టు ఆ కేసు కొట్టేసింది. వాటా బేరంలో ఇంకో చిక్కుంది. లోక్ అదాలత్‌లో తక్కువకు రాజీ పడితే వకీలుకు పని తొందరగా తెములుతుంది, నష్టం బాధితుడిది.

మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి న్యాయసేవాధికార చట్టం చెబుతోంది. తండాల్లో ఎంతమందికి ఈ కబురు చేరింది? పైగా ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే పిటిషన్ వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దాన్ని కోర్టులో సవాలు చేశారు, నిజమే. ఆ తీర్పు కోసం మాత్రం ఆగొద్దు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే న్యాయ సహాయం నంబరు 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థ గడప తొక్కండి.