విద్వేషం రేపేవాడిని చట్టం ఎలా పట్టాలి?

2020 డిసెంబరు ఆఖరులో నెల్లిమర్ల మండలం రామతీర్థంలో, బోడికొండ మీది కోదండరాముని విగ్రహం తలను దుండగులు నరికారు. రాష్ట్రం అట్టుడికింది. ఇతరులు ఆరాధించేవాటిని దూషించరాదని అన్‌ఆమ్ సూరా 108వ ఆయతులో ఆదేశం పొందినవాళ్ళం మనం. ఆ బాధ మనకు పరాయిది కాదు. అటువంటి వేళ సెల్‌ఫోనులో తిరిగే ఒక్క అబద్ధం చాలు, విజయనగరం బాబామెట్ట ఉర్సుకు కలిసి వెళ్ళే ఇరుగుపొరుగువారు మొహాలు చాటేసుకోవడానికి.

ఆ అబద్ధం పుట్టించినవాడిని ఏం చేయాలి? వెంటనే జైల్లో వేయమని మన ఇళ్ళలోనూ అంటారు. కోపం న్యాయమైనదే. కానీ 2022 ఆగస్టులో హైదరాబాదులో జరిగినది చూడండి. దైవప్రవక్త (స)ను కించపరిచే వీడియోపై గోషామహల్ ఎమ్మెల్యే టి. రాజాసింగ్‌ను 23న అరెస్టు చేశారు. ముందు ఇవ్వవలసిన 41ఏ నోటీసు ఇవ్వలేదని కోర్టు ఆ రోజే విడుదల చేసింది. రెండు రోజులకు పీడీ చట్టం కింద మళ్ళీ పట్టుకున్నారు. ఆ ఉత్తర్వును నవంబరు 9న హైకోర్టు కొట్టేసింది. ఒక్క కాగితం నోటీసు! అది సరిగా ఇచ్చి, ఛార్జిషీటు గట్టిగా వేసి ఉంటే? విచారణ లేకుండా నిర్బంధించే పీడీ చట్టం మీద మనకు మోజు వద్దు. అది రేపు ఎవరి గుమ్మం తొక్కుతుందో ఎవరికి తెలుసు?

సెక్షన్లకు కొరత లేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షను (పాత 153ఏ) ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా వర్గాల మధ్య శత్రుత్వం రేపడాన్ని కూడా నేరమే అంటోంది. మూడేళ్ళ వరకు శిక్ష. ఫిర్యాదు రాకపోయినా, మాట్లాడినవాడి మతం చూడకుండా కేసు పెట్టాలని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అయితే కేసును కోర్టు విచారణకు స్వీకరించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. నిందితుడు పాలకపక్షం వాడైతే ఆ ఫైలు ఎప్పటికి కదులుతుంది? అనుమతికి గడువు విధించాలని మేము కోరుతున్నాము.

సెక్షనును ఇంకా వెడల్పు చేయమని మాత్రం మేము అడగము. చికాకు కలిగించే సందేశాన్ని సైతం నేరం చేసిన 66ఏను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఒక కవిత జోడించిన వీడియో పెట్టినందుకు గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో కేసు కట్టారు. దానిని 2025 మార్చి 28న అదే కోర్టు కొట్టేసింది. మనసు నొప్పించడం వేరు, ఒక సముదాయం మీదికి జనాన్ని ఉసిగొల్పడం వేరు. క్రిమినల్ చట్టం పని రెండోదానితోనే.

అలాంటి సందేశం మీకు వస్తే మరొకరికి పంపకండి, తుడిచేయకండి. నంబరు, తేదీ, సమయం రాసుకుని స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. తీసుకోకపోతే అదే ఫిర్యాదును తపాలాలో జిల్లా ఎస్పీకి పంపవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.