రంగుల కిటికీ



గాజువాకలోని మా చిన్న ఆలయానికి క్రొత్త కిటికీలు కావలసి వచ్చాయి. "అయ్యగారూ, మెదక్ గుడిలాగా మనమూ రంగుటద్దాలు పెట్టిద్దాం" అన్నారు యౌవనస్థులు. కానుక ఇస్తామన్నవారిలో కొందరు కిటికీ క్రింద తమ పేరు వ్రాయించమన్నారు. నిజం చెప్పాలంటే, నాకూ ఆశ కలిగింది.

వేదాంత విద్య చదివే రోజుల్లో నేను మెదక్ చూచాను. బలిపీఠం వెనుక ప్రభువు ఆరోహణం, ఇరుప్రక్కల ఆయన జననం, సిలువ మరణం. ఎండ పడగా ఆ గాజు మండుతున్నట్లే ఉంది. చీకటి పడ్డాక మరల వెళ్లాను. లోపల దీపాలున్నాయి గాని కిటికీలో బొమ్మ లేదు. నల్లని గాజు మాత్రమే మిగిలింది.

ఆ పని ఎలా చేస్తారో తరువాత తెలిసికొన్నాను. కరిగిన గాజులో కోబాల్టు కలిపితే నీలం, బంగారం కలిపితే ఎరుపు వస్తుంది. ఆ గాజును ముక్కలుగా కోసి, ముఖాలు, చేతులు నల్లరంగుతో గీసి, చెరిగిపోకుండా బట్టీలో కాలుస్తారు. ముక్కలన్నిటినీ సీసపు పట్టీల మధ్య ఇమిడ్చి, అతుకులకు టంకం వేస్తారు. బెసలేలుకు పనితనము నేర్పినది దేవుడే గనుక (నిర్గమ. 31) ఈ కళను మనం తక్కువ చేయరాదు. అయితే ఎంత పనితనమున్నా గాజుకు తన సొంత వెలుగు లేదు.

ఇంకొక మాట. పోస్నెట్ దొరగారు ఆ గుడి పని 1914లో మొదలుపెట్టినది కరవు కాలంలో. ఆకలిగొన్న జనం అక్కడ పని చేసి అన్నం తిన్నారు. 1924 డిసెంబరు 25న గుడి ప్రతిష్ఠ జరిగింది. ఆరోహణపు కిటికీ 1927లో గాని రాలేదు. ముందు అన్నం, తరువాత అద్దం!

సంఘ కూటములో ఇదంతా చెప్పాను. వెనుక వరుసలోని ఒక ముసలి తల్లి లేచి, "రంగులు బాగుంటాయి గాని అయ్యగారూ, అవి తెరుచుకుంటాయా? మే నెలలో గాలి ఎలాగ?" అన్నది. అందరూ నవ్వారు. నాకు మాత్రం సిగ్గు వేసింది. ఆ సంగతి నేను తలంచనే లేదు.

చివరకు బలిపీఠం పైన ఒక్క చిన్న రంగుల కిటికీ, మిగిలినవన్నీ తెరుచుకొనే మామూలు కిటికీలు అని తీర్మానించాము. ఎవరి పేరూ వ్రాయము. మిగిలిన సొమ్ము, పని పోయిన రెండు కుటుంబాలకు. ఇద్దరు పెద్దలు అలిగి కానుక మానుకొన్నారు. వారి ఇండ్లకు వెళ్లి ప్రార్థన చేసి వచ్చాను. ఒకరు తిరిగి వచ్చారు. రెండవవారి కొరకు కనిపెట్టుచున్నాను.

ప్రియులారా, మనమూ ముక్కలమే. ఆయన వెలుగు మనలోగుండా ప్రసరిస్తేనే బొమ్మ కనబడుతుంది (2 కొరింథీ. 4:6). మీ ఇంటి కిటికీలో పొరుగువాడు ఎవరి పేరు చదువుతున్నాడు? మీదా, ప్రభువుదా?

ఆయన వెలుగు మీ గృహములలో ప్రకాశించును గాక. ఆమేన్.