లోటు లేని వీరుడు

మొదటి లెవెల్ మాంత్రికుడు. వయసు పంతొమ్మిది. తండ్రి రాక్షసరాజు, తల్లి దేవకన్య. పదేళ్లకే డ్రాగన్‌ని చంపాడు, రెండు రాజ్యాలు కూల్చాడు, ఒకసారి చచ్చి బతికాడు. నలుగురు కలిసి అల్లే ఫాంటసీ రోల్‌ప్లేలో ఇలాంటి పూర్వకథలు కొత్త కాదు. ఆట ఇంకా మొదలే కాలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల్లో ఆ మాంత్రికుడికి దక్కేవి నాలుగు ముఖాల పాచిక ఒక్కసారి వేస్తే పడినన్ని హిట్ పాయింట్లు (దెబ్బలు తట్టుకునే ప్రాణబలం), రోజుకు ఒక్క మంత్రం. కత్తి వేటు ఒక్కటి గట్టిగా తగిలితే ప్రాణం పోతుంది. అందుకే అతను యోధుడి వెనక నిలబడాలి, గాయమైతే మాన్పమని పూజారిని బతిమాలాలి, ఉన్న ఒక్క మంత్రం ఎప్పుడు వాడాలో తోటివాళ్లను అడగాలి. కథంతా ఆ అడగడంలోనే పుడుతుంది.

అయినా లోటే లేని వీరుణ్ణి తెచ్చే జబ్బు దాదాపు ఆటంత పాతది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అచ్చయింది. మరుసటి ఏడే, తమ పాత్రలకు ఎదురే లేదనుకునే ఆటగాళ్ల కోసం గైగాక్స్ రాసిన ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ను బాల్టిమోర్‌లో ఆరిజిన్స్ సమావేశంలో ఆడించారు. ఆ సమాధిలో ఒక గోడ మీద నోరు తెరిచిన పచ్చటి దయ్యపు ముఖం ఉంటుంది. ఆ నోట్లోకి దూరితే ఎంతటివాడైనా ఉన్నపళాన మాయం. 1976లో టిమ్ కాస్క్ అదే ఆటకు చెందిన ఒక పుస్తకం ముందుమాటలో, ఓడిన్ అంతటి దేవుడికే 300 హిట్ పాయింట్లు ఉంటే 40 లెవెల్ దాటిన పాత్రలను ఎవరు నమ్మాలని నిలదీశాడు. రెండూ పదునైన జవాబులే. కానీ చంపి చూపించడం, సిగ్గుపడేలా చేయడం దీనికి మందు కాదని మా అభిప్రాయం. అలాంటి పాత్రను తెచ్చేది చాలాసార్లు కొత్తగా చేరినవాళ్లే. తమనెవరూ పట్టించుకోరేమోనన్న బెంగ ఆ పాత్ర గురించి రాసుకొచ్చిన కాగితం నిండా కనిపిస్తుంది.

బలం ఉండటం తప్పు కాదు. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధం ఉంది, కానీ అది ఒక్కసారికే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నదాన్ని ఒక రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద వేయాల్సి వచ్చింది. ఆ షరతు లేకపోతే ఆ రాత్రి యుద్ధానికి అంత బిగువెక్కడిది?

నవలలో అజేయుడైన వీరుడు పాఠకుడికి విసుగు తెప్పిస్తాడు, అంతే. ఈ ఆటలో పక్కవాళ్ల వంతు లాక్కుంటాడు. తాళం తీయడమొక్కటే తెలిసిన దొంగ పాత్రను ఆడే అమ్మాయి గంటసేపు తన వంతు కోసం ఎదురుచూస్తుంది. తీరా తలుపు దగ్గరికొచ్చేసరికి ఈయన దాన్ని పేల్చేస్తాడు. ఆ అమ్మాయికి ఆ పూట ఆటే లేదు.

పాత్రలు రాసే మిత్రులారా, పూర్వకథ అరపేజీ దాటనివ్వకండి. తీరని అప్పో, చెప్పకుండా వదిలొచ్చిన చెల్లెలో ఒకటి ఉంచి, దాని సంగతి తేల్చే పని పక్కవాళ్లకు వదిలేయండి. కథ నడిపేవాళ్లకు ఒక విన్నపం: కొత్తవాళ్ల కాగితం చించెయ్యకండి. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పాత్రకు చేతకానిదేమిటో అడగండి.