కణత నొప్పి

మా సత్యవేడు ఇళ్ళలో పెద్దవాళ్ళు నొప్పి అనగానే ఇంట్లోవాళ్ళే రోగానికి పేరు పెట్టేస్తారు. తలనొప్పి అయితే కళ్ళజోడు మార్చాలి, దవడ నొప్పి అయితే పన్ను పీకించాలి, భుజాలు పట్టేస్తే వాతం! ఈ మూడూ యాభై దాటిన ఒకే మనిషికి వస్తే మాత్రం విడివిడిగా చూడకండి.

కణత దగ్గరి రక్తనాళం గోడ వాచి, లోపలి దారి ఇరుకైపోయే జబ్బు ఒకటుంది. డాక్టర్లు జయంట్ సెల్ ఆర్టరైటిస్ అంటారు. దీని గుర్తులు విచిత్రం. నాలుగు మురుకులు నమిలేసరికి దవడ లాగేస్తుంది. నమలడం ఆపితే తగ్గుతుంది. దువ్వెన పెడితే మాడు ముట్టనివ్వదు. కొందరికి నాలుక నొప్పి, మరికొందరికి వదలని పొడిదగ్గు, అంతుపట్టని జ్వరం. 1890లో లండను వైద్యుడు జొనాథన్ హచిన్సన్ వ్రాసిన ముసలాయన టోపీ పెట్టుకోలేకపోయాడట! కోపం వస్తే కణతలదిరాయంటాం. ఈ జబ్బులో నాళం త్రాడులా గట్టిపడి అదరడమే మానవచ్చు.

కంటికి పోయే నాళాలు మూసుకొంటే చూపు పోతుంది. పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు. రెండో కంటికి కొన్ని రోజులే వ్యవధి ఉండవచ్చు. అందుకే అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు నాళం ముక్క పరీక్ష ఫలితం కోసం ఆగరు; స్టిరాయిడ్ ముందే మొదలుపెడతారు. ఆ పేరుకే బెదిరేవారున్నారు. కన్ను కంటే ఎక్కువా?

చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, క్షణం చీకటి కమ్మి తొలగినా ఆ రోజే బయలుదేరండి. మనకు చెన్నై దగ్గరే. ఎగ్మోరులో 1819 నాటి కంటి ఆసుపత్రి ఉంది. అక్కడ కంటి సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోక, దవడ సంగతీ దువ్వెన సంగతీ కూడా చెప్పాలి.