ఇల్లు ఆమె పేరున, ఆమె తర్వాత?

స్త్రీ పేరున ఇల్లు ఉండాలన్నది మన ఉద్యమాల పాత డిమాండు. దాని అవసరమేమిటో చెన్నూరు ప్రాంత స్త్రీలకు వేరే చెప్పనక్కర్లేదు. పక్కనున్న మందమర్రి, రామకృష్ణాపూర్ బొగ్గుగని కాలనీల్లో ఇల్లంటే కంపెనీ క్వార్టరు. ఎక్కువ ఇళ్ళలో అది భర్త ఉద్యోగంతో వచ్చి, ఆ ఉద్యోగంతోనే పోతుంది. ఏళ్ళ తరబడి ఆ ఇంటిని నడిపిన స్త్రీకి దానిమీద ఏ కాగితమూ ఉండదు.

ఆ పరిస్థితి కొంత మారింది. 2006 నాటి ఇందిరమ్మ పథకంలోనూ, 2015 తర్వాతి డబుల్ బెడ్‌రూం పథకంలోనూ, 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళలోనూ మంజూరు స్త్రీ పేరునే. చదువుకుని హైదరాబాద్ వెళ్ళిన మన ఆడపిల్లలు నెలనెలా బ్యాంకు వాయిదాలు కట్టుకుంటూ ఒక పడకగది ఫ్లాటు కొనుక్కుంటున్నారు. ఒంటరి స్త్రీకి అద్దె ఇల్లు దొరకడమే గగనమైన నగరంలో ఆ చిన్న ఫ్లాటు ఎంత పెద్ద భరోసానో మనకు తెలుసు.

అయితే ఆమె తర్వాత ఆ ఇల్లు ఎవరిది? ఈ ప్రశ్న మనం తగినంతగా వేసుకోలేదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం స్త్రీకీ పురుషుడికీ వేర్వేరు నియమాలు పెట్టింది. పురుషుడు వీలునామా రాయకుండా చనిపోతే తల్లి, భార్య, పిల్లలు మొదటి వరసలో ఉంటారు. అతని ఆస్తి భార్య పుట్టింటికి వెళ్ళే దారి చట్టంలో ఎక్కడా లేదు. స్త్రీ విషయంలో 15వ సెక్షన్ ప్రకారం మొదట పిల్లలు, భర్త. వాళ్ళు లేకపోతే భర్త వారసులు. వాళ్ళూ లేకపోతేనే ఆమె తల్లిదండ్రులు. పిల్లలు లేని స్త్రీకి పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. సొంత సంపాదనకు ఆ మినహాయింపు కూడా లేదు. భర్తతో విడిపోయి, విడాకులు తీసుకోని స్త్రీ కొనుక్కున్న ఫ్లాటుకు ఆ భర్త కూడా మొదటి వరస వారసుడే.

2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు చూడండి. పెళ్ళయిన మూడు నెలలకే పాము కరిచి భర్త చనిపోతే అత్తింటివారు ఆమెను వెళ్ళగొట్టారు. పుట్టింట్లో చదువుకుని, ఉద్యోగం చేసి ఆమె కూడబెట్టిందంతా చివరికి భర్త సోదరి కొడుకులకు దక్కింది. కన్నతల్లికి దక్కలేదు. సానుభూతితో చట్టాన్ని మార్చలేమని కోర్టు చెప్పింది. అంతకు ముందు ఏడాదే లా కమిషన్ తన 207వ నివేదికలో ఈ సెక్షన్‌ను సవరించమని సిఫార్సు చేసింది. ఆంధ్రప్రదేశ్ 1986లో, కేంద్రం 2005లో చేసిన సవరణలు కూతురికి పుట్టింటి ఆస్తిలో హక్కు ఇచ్చాయి కానీ, 15వ సెక్షన్‌ను ముట్టుకోలేదు.

సహకార గృహ సంఘాల్లో ఫ్లాటు ఉన్నవారికి మరో అపోహ ఉంటుంది. బతుకుదెరువుకు బొంబాయి వెళ్ళిన ఉత్తర తెలంగాణ కుటుంబాలకు ఈ సంఘాలు కొత్త కాదు. నామినీగా తల్లి పేరో చెల్లెలి పేరో రాశాం కదా అనుకుంటారు. నామినీ పేరిట సభ్యత్వం మార్చాల్సిందేనని 2016లో సుప్రీంకోర్టు ఒక కలకత్తా సంఘం కేసులో చెప్పింది. అయితే యాజమాన్యం కోసం వారసులు దావా వేసుకునే హక్కును అలాగే ఉంచింది. నామినేషన్ వీలునామా కాదు.

ఆదిలాబాద్ ప్రాంతంలోని గోండు, కొలాం స్త్రీలకు ఈ చట్టం వర్తించదు. వారికి ఆచారమే చట్టం. ముస్లిం, క్రైస్తవ స్త్రీలకు నియమాలు వేరు. వాటిని విడిగా చర్చించాలి.

ఈలోగా మనం చేయగలిగిన పని ఉంది. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. స్పష్టంగా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకమో వేలిముద్రో వేసి, వారి సంతకాలు తీసుకుంటే చాలు. ఇల్లు ఎవరికి రాస్తున్నామో వారు సాక్షులు కాకపోవడం మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే వివాదాలు తగ్గుతాయి. వీలునామా ముసలివాళ్ళ వ్యవహారమన్న భావం పోవాలి. మన సంఘాలు పట్టాల కోసం, రుణాల కోసం పెట్టే ప్రతి సమావేశంలో దీన్ని కూడా చేర్చాలి. స్త్రీ సంపాదనకు ఆమె పుట్టింటివారినీ వారసులుగా గుర్తించేలా 15వ సెక్షన్‌ను మార్చమని ప్రతి వేదిక మీదా అడగాలి.