సోషలిస్టు తరహా నుంచి రొయ్యల చెరువు దాకా

సోషలిజం పోయింది, దేశం బాగుపడింది — ఈ మాట పాలకవర్గం వారు అంటే ఆశ్చర్యం లేదు. మనతో కలిసి సభలకు వచ్చే చదువుకున్నవారూ అంటున్నారు. 1991 జూలైకి ముందు చీకటి, తరువాత వెలుగు అన్నట్టు అర్థశాస్త్ర పాఠాలు నడుస్తున్నాయి. నేను పాఠం చెప్పే తరగతిలో ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు తీరపు పాళేల నుంచి వచ్చిన పిల్లలున్నారు. ఓడరేవూ, బొగ్గు కరెంటూ, రొయ్యా, మూడూ వాళ్ల ఇళ్ల పక్కనే ఉన్నాయి. గనుక ఈ వాదాన్ని పుస్తకంలో కాక ఆ తీరాన పరీక్షించటం న్యాయం.

ముందుగా, పోయిందంటున్న ఆ సోషలిజం ఏమిటి? 1955 జనవరిలో మద్రాసు పక్కన ఆవడిలో కాంగ్రెసు మహాసభ 'సోషలిస్టు తరహా సమాజం' తన లక్ష్యమని తీర్మానించింది. నెల తిరిగేసరికి ఆంధ్రలో ఎన్నికలు. కమ్యూనిస్టుల నినాదాన్ని కమ్యూనిస్టుల మీదనే ప్రయోగించిన ఆ ఎన్నికల్లో వారికి దక్కినవి 15 స్థానాలు. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. అప్పటికే భూములు కొడుకుల పేర, అల్లుళ్ల పేర, పాలేర్ల పేర చీలి కూర్చున్నాయి. 1976లో 42వ సవరణతో 'సోషలిస్టు' అనే మాట రాజ్యాంగ పీఠికకెక్కింది. ఆ కాలంలోనే శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1969 నాటి ఆ నిర్ణయానికి దీవి విడిచిపోవలసి వచ్చినవారు యానాదులు. ప్రభుత్వ రంగ కర్మాగారాలూ, బ్యాంకుల జాతీయకరణా ప్రజలకు మేలు చేయలేదని నేననను. కాని భూమి చేతులు మారని చోట సోషలిజం ఉండేదనీ, అది విఫలమైందనీ ఒప్పుకోవలసిన అగత్యం మనకు లేదు.

ఇక రెండో వాదం: 1991 తరువాత ప్రభుత్వం తప్పుకుంది, మార్కెట్టు వచ్చింది, అందుకే వేగం వచ్చింది. నెల్లూరు తీరంలో ప్రభుత్వం ఒక్క పూట తప్పుకోలేదు. 1990ల తొలి సంవత్సరాల్లో కంపెనీలూ, మోతుబరులూ పోటీపడి టైగర్ రొయ్యకు చెరువులు తవ్వారు. ఉప్పునీరు వరిమళ్లలోకీ, తాగే బావుల్లోకీ దిగింది. పట్టపువాళ్లు సముద్రానికి నడిచే దారులకు చెరువు గట్లు అడ్డొచ్చాయి. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులను తుడిచిపెట్టింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన దావాలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో ఉన్న రొయ్యల చెరువులను, సాంప్రదాయిక పద్ధతివి తప్ప, తొలగించాలన్నది. పాడుచేసినవాడే పరిహారం కట్టాలన్నది. ఆంధ్రలో రొయ్యల వల్ల వచ్చే రాబడి కన్న జరిగే నష్టం నాలుగు రెట్లని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ఆ కోర్టుకే లెక్క చూపింది.

అప్పుడు, తప్పుకున్నదని చెప్పే ఆ ప్రభుత్వం ఏం చేసింది? 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, తీర్పు కూలగొట్టమన్న చెరువులకు చట్టం నీడ కల్పించింది. 2023లో సవరణ తెచ్చి, ఆ చట్టం కింద ఉన్న జైలుశిక్షను కూడా తీసివేసి జరిమానాతో సరిపెట్టింది. అప్పు కట్టలేని కౌలుదారు కోసం పార్లమెంటు ఇంత చురుకుగా కదిలిన సందర్భం ఎవరైనా చూపితే సంతోషిస్తాను.

2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చింది. తల్లి రొయ్య విదేశాలనుంచి రావాలి. పిల్ల హేచరీవారిది, మేత కంపెనీవారిది, కౌంటు ధర కొనేవారిది. వ్యాధి మాత్రం రైతుది. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వాషింగ్టనులో ఒక సంతకం పడితే ఇందుకూరుపేటలో కౌలుకు చెరువు పట్టినవాడి గుండె ఆగవలసిందేనా? ఎగుమతి డాలర్లను లెక్కపెట్టేవారు ఈ ఆధారపడటాన్ని ఏ ఖాతాలో రాస్తున్నారు? చెరువు గట్టుమీద రాత్రి కాపలా కాసే యానాది కుటుంబానికి ఆ డాలరులో ఎంత భాగం అందుతున్నదో ఏ నివేదికలోనైనా ఉన్నదా?

ఓడరేవు సంగతి చూడండి. కృష్ణపట్నం రేవు 2008లో ప్రైవేటు చేతుల మీదుగా మొదలైంది. 2020లో ముప్పాతిక వాటా, మరుసటి ఏడు మిగిలిన పాతికా అదానీ కంపెనీ పాలయ్యాయి. 2024 తొలి నెలల్లో కంటైనర్ ఓడల రాక ఆగిపోయింది. బొగ్గు దిగుమతి ఆగలేదు. రేవు వస్తే ఉద్యోగాలు వస్తాయని భూములిచ్చిన ఊళ్లకు ధూళి మిగిలింది. కంటైనర్లను ఏ రేవుకు మళ్లించాలో నిర్ణయించే హక్కు వారికి ఏనాడూ లేదు. పక్కనే నేలటూరులో దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన ధర్మల్ కేంద్రం ఉంది. 1,600 మెగావాట్లతో జాతికి అంకితమైంది, 2023లో మరో 800 చేరాయి. అది ప్రజల సొమ్ముతో లేచినది. దానినీ పాతికేళ్ల లీజుకు ప్రైవేటువారికి ఇవ్వాలని 2021లో రాష్ట్ర మంత్రివర్గం తీర్మానిస్తే అడ్డుపడినవారు అక్కడి కార్మికులూ, ఉద్యోగులే.

ఇక్కడ మన మిత్రులు కొందరు వియత్నాంను చూపుతారు. 1986 డిసెంబరులో 'దోయి మోయి' ప్రకటించిన ఆ దేశం మన రొయ్యకే పోటీదారు. మార్కెట్టును రానిచ్చి కూడా ఎర్రజెండా దించలేదు, మనమూ వేగాన్నే నమ్ముకుందాం అంటారు. వియత్నాం సాధించినదాన్ని తక్కువ చేయను. 1993లో 58 శాతం ఉన్న పేదరికం 2008 నాటికి 15 శాతం లోపుకు దిగింది. అయితే ఆ మార్కెట్టు ఎలాంటి నేల మీద నిలిచింది? అక్కడ భూస్వామి అప్పటికే లేడు. 1988 తరువాత సహకార క్షేత్రాల భూమి కుటుంబాల సాగుకు వచ్చింది. ఊరూరా బడి ఉంది. మనం పునాది తీయకుండా మిద్దె ఎత్తు కొలుచుకుంటున్నాం. పైగా, ఆ దేశంలో కూడా తీరం కంపెనీ చేతికి పోయిన చోట ఏమైంది? 2016లో హాతిన్ రాష్ట్రంలో ఫార్మోసా ఉక్కు కర్మాగారం వదిలిన విషానికి సముద్రంలో చేపలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కంపెనీ 50 కోట్ల డాలర్లు కట్టింది. నోరెత్తినవారిలో పలువురు జైలుకు పోయారు. ఎర్రజెండా కిందనైనా సరే, జాలరికి అడిగే హక్కు లేకపోతే వేగం ఎవరికి పనికివస్తుంది?

2024 నవంబరు 25న పీఠికనుంచి 'సోషలిస్టు' మాట తొలగించాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు కొట్టివేసింది. మంచిదే. కాని ఆ మాటకు సంక్షేమ రాజ్యమని అర్థం చెబుతూ, అది ప్రైవేటు రంగానికి అడ్డు కాదని కూడా అన్నది. మాట ఉంది, దానిలోంచి ఆస్తి ప్రశ్న తీసివేయబడింది. దానిని తిరిగి అందులో పెట్టవలసినవాళ్లం మనమే. తీరం ఎవరిది, రేవు ఎవరికి జవాబు చెప్పాలి, చెరువు తవ్వాలో వద్దో గ్రామసభ తేల్చాలా కలెక్టరు తేల్చాలా — అభివృద్ధి మీద చర్చ ఇక్కడ మొదలు కావాలి.

అందుకు ఉపన్యాసాలు చాలవు. ఈ జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో భూమి, కూలి, అప్పుల వివరాలు సేకరించారు. నెల్లూరులోనూ కావలిలోనూ చదివే విద్యార్థులు వచ్చే సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్కొక్క పాళెం పట్టుకోవాలి. ఏ సర్వే నెంబరు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయింది, ఏ బావి ఎప్పుడు ఉప్పయింది, రేవులో ఆ ఊరివాళ్లకు ఏ పని దొరికింది, ఏ జీతానికి దొరికింది — ఇంటింటా అడిగి రాసుకు రావాలి. ఆ లెక్క మన చేతిలో లేనంతకాలం వారు చెప్పే టన్నుల లెక్కే దేశానికి పాఠమవుతుంది.