ముద్దు లేని నవలలోని దోషము

కొన్నాళ్ళ క్రిందట దిల్‌సుఖ్‌నగరులో ఒక పుస్తకాల దుకాణమున నిలిచియుంటిని. పోటీపరీక్షల పుస్తకముల నడుమ ఒక్క వరుస మాత్రమే నవలలకు దక్కినది. ఒక తల్లి, తన కుమార్తె చేతనున్న ప్రేమనవలను చూపి, "ఇందులో చెడ్డ సంగతులేం లేవు కదా?" అని అడిగెను.

"ఏం లేవమ్మా. ముద్దు కూడా లేదు. నిశ్చింతగా తీసుకోండి" అని దుకాణదారు బదులు చెప్పెను.

ఆ నవల నేను చదివినదే. ముద్దు లేనిమాట నిజము. కాని అందలి నాయకుడు నెలల తరబడి నాయిక వెంటపడును. ఆమె మూడుమారులు వద్దనును. నాలుగవమారు అతడు చేయి కోసికొందునని బెదిరించును. ఆమె కంట నీరు తిరుగును. అదియే ప్రేమయని రచయిత మనకు తెలుపును. తల్లి సంతోషముగా డబ్బిచ్చి వెడలిపోయెను.

మెట్రోలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్.బి.నగరు చేరువరకు ఆ తల్లి ప్రశ్న నన్ను విడువలేదు. ఆమె అడుగుటలో తప్పు లేదు. మనము ఆమె చేతికిచ్చిన కొలబద్దయే తప్పు.

ఈ కొలబద్ద నేటిది కాదు. 18వ శతాబ్దిలో తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో ప్రకటించెను. అశ్లీలమని ప్రభుత్వము దానిని నిషేధించెను. టంగుటూరి ప్రకాశం పంతులు మదరాసు ప్రధానిగా నున్న 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. స్త్రీ తన కోరికను తానే పలికిన కావ్యము అన్నియేండ్లు చెరలో నుండగా, స్త్రీ వద్దన్నను వినని నాయకులు మాత్రము మన కథలలో, సినిమాలలో స్వేచ్ఛగా తిరుగుచునే యుండిరి.

మన ఆలంకారికులు వేడిని బట్టి తీర్పు చెప్పలేదు. శృంగారమునకు రతి స్థాయిభావము. అది ఇరువురియందును ఉండవలెను. ఒక్కరియందే యున్నచో రసము కాదు, రసాభాసమని 14వ శతాబ్దివాడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణమున లెక్కించినాడు. 17వ శతాబ్దిలో మన కోనసీమ ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలును రసగంగాధరమున రసాభాసమును చర్చించినాడు. నేటి యువతీయువకులు "కెమిస్ట్రీ" యనుచున్నది ఆ పరస్పరానురాగమునకే క్రొత్తపేరు. ఆ పాత పట్టికను యథాతథముగా తలకెత్తుకొమ్మని నేననను. హీనులని తాము తలచినవారి ప్రేమను సైతము వారు ఆభాసమనిరి. అది రసవిచారము కాదు, ఆనాటి దురభిమానము. దానిని విడిచి, ఏకపక్షప్రేమ రసము కాదన్న మాటను నిలుపుకొందము.

యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ నవలను చూడుడు. 1960లనాటి ఆ నవల 1976లో సినిమాగా కూడ వచ్చెను. అందు నాయకుడు యజమాని, నాయిక అతని వద్ద ఉద్యోగిని. పనిచేయు చోట స్త్రీలకు రక్షణగా 2013లో చట్టము వచ్చినపిమ్మట ఈ సంబంధమును మనము మరికొంత జాగ్రత్తగా చదువవలసియున్నది. అయినను తరతరాల పాఠకురాండ్రు జయంతిని ప్రేమించినది ఆమె ఆత్మాభిమానమును చూచి. కాదనగల శక్తి ఆమెకున్నది గనుకనే ఆమె ఔననుటకు విలువ.

"నవల నీతిశాస్త్రమా? దుర్మార్గుని కథ వ్రాయరాదా?" అని అడుగువారు కలరు. నిస్సంశయముగా వ్రాయవచ్చును. పాత్ర చేసిన తప్పు వేరు, ఆ తప్పునకు రచయిత పెండ్లిపందిరి వేయుట వేరు. నాయిక భయపడినప్పుడు ఆ భయము రచయితకు కనబడినదా, లేక దానిని సిగ్గని వ్రాసినాడా? విమర్శకుడు చూడవలసినది ఇది. శృంగారవర్ణన ఎంత ఘాటుగా నుండవలెనన్నది పాఠకుల వయస్సును, అభిరుచిని బట్టి నిర్ణయించుకొనవలసిన విషయము. అది దోషమో గుణమో దానంతట అది కాదు.

ఎల్.బి.నగరులో మా వీధిని బాలికల వసతిగృహములు కలవు. సూర్యాపేట, నల్లగొండ వైపునుండి చదువులకై వచ్చి, మొదటిసారి ఇల్లు విడిచి యుండు పిల్లలు వారు. స్త్రీ వలదన్నను వెంటపడుట 2013 నుండి చట్టప్రకారము నేరము. దిల్‌సుఖ్‌నగరు బస్సుస్టాపులో ఆ పని చేసినవానిని పట్టుకొనుటకు 2014 నుండి షీ టీములు ఉన్నవి. అదే పని నవలలో చేసినవాడు నాయకుడగుచున్నాడు. పగలు వీధిలో ఏ పిల్ల ఎవనికి భయపడి దారి మార్చుకొనునో, రాత్రి అదే పిల్ల వానినే ప్రేమికుడని చదువవలసి వచ్చుచున్నది.

ఆ తల్లి మరల దుకాణమునకు వచ్చినచో ముద్దును గూర్చి అడుగనక్కరలేదు. "ఇందులో ఆ పిల్ల వద్దన్నప్పుడు ఆ పిల్లవాడు ఏం చేస్తాడు?" అని అడుగవలెను. దుకాణదారు చెప్పలేకపోయినచో, పుస్తకము ఇంటికి కొనిపోయి కూతురితో కలిసి తానును చదువవలెను.